ఇంటి వీడియోలు ఎడిట్ చేసి మనవాళ్లకు పంపడం: కొత్తవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో, దగ్గరి చుట్టాల ఇళ్లలో వీడియోల పని కొన్నేళ్లుగా నేనే చూస్తున్నాను. ఫోన్లలో తీసిన బారసాల ముక్కలు, అటక మీంచి దింపిన పెళ్లి క్యాసెట్లు, గీతలు పడిన డీవీడీలు ఎన్నో నా చేతుల మీదుగా వెళ్లాయి. ఆ పనిలో మావాళ్లు నన్ను మళ్లీ మళ్లీ అడిగిన ప్రశ్నలూ నా జవాబులూ ఇవి. స్టూడియోవాళ్లు చేసే పని వేరు, ఇంట్లోవాళ్లం మనకోసం చేసుకునే పని వేరు. ఇక్కడ రాసింది రెండోదాని గురించే.

నాకు ఎడిటింగ్ బొత్తిగా రాదు. దేనితో మొదలుపెట్టను?

రెండు నిమిషాల వీడియోతో. చెల్లెలి పెళ్లి మాత్రం మొదటే ముట్టుకోకండి, సగంలో విసుగొచ్చి వదిలేస్తారు. పాప పుట్టినరోజో, ఊళ్లో మామిడితోటకు వెళ్లిన పూటో తీసుకోండి. ఎనిమిది, పది క్లిప్పులు చాలు. మొదట్లో నేర్చుకోవాల్సినవి నాలుగే పనులు: ముక్కకు ముందూ వెనకా కత్తిరించడం, ముక్కల్ని వరుసలో పెట్టడం, సౌండ్ పెంచడం తగ్గించడం, చివర్లో ఎక్స్‌పోర్ట్ చేయడం, అంటే అన్నీ కలిపి ఒకే వీడియో ఫైలుగా బయటకు తీయడం. ఈ నాలుగూ చేతికి వస్తే ఇంటి వీడియోకి కావాల్సింది దాదాపు అంతా వచ్చినట్టే.

అన్నిటికన్నా ముందు ఒరిజినల్ క్లిప్పులన్నీ ఇంకోచోటికి కాపీ చేసుకోండి. ఎడిటింగ్ యాప్‌లో ఎంత కత్తిరించినా అసలు ఫైలుకు ఏమీ కాదు. కానీ ఫోన్ గ్యాలరీలోనే ట్రిమ్ చేసి సేవ్ నొక్కితే పాతదాని స్థానంలో కొత్తది వచ్చి కూర్చునే ప్రమాదం ఉంది. కాపీగా సేవ్ చేసే ఆప్షన్ కనిపిస్తే అదే నొక్కండి.

ఏ యాప్ మంచిది? డబ్బులు కట్టాలా?

కట్టక్కర్లేదు. ఐఫోన్, మ్యాక్ ఉన్నవాళ్లకు ఐమూవీ ఉచితం. ఆండ్రాయిడ్‌లో వీఎన్, ఇన్‌షాట్, కైన్‌మాస్టర్ ఎక్కువమంది వాడుతున్నారు. కైన్‌మాస్టర్ ఉచితంగా వాడితే వీడియో మీద దాని ముద్ర పడుతుంది, అది చూసుకోండి. విండోస్ 11 కంప్యూటర్‌లో క్లిప్‌చాంప్ ఉంటుంది. పాత కంప్యూటరైతే షాట్‌కట్ తేలిక, పూర్తిగా ఉచితం. డావిన్చీ రిజాల్వ్ ఉచిత వెర్షన్ చాలా గొప్పది కానీ దానికి బలమైన కంప్యూటర్ కావాలి, నేర్చుకోవడానికి ఓపికా కావాలి. అరగంటకు పైబడిన వీడియోలు చేసేటట్లయితేనే దాని జోలికి వెళ్లమంటాను.

ఫోన్లో వందల క్లిప్పులున్నాయి. సగం వాట్సాప్‌లో వచ్చినవే. ఎలా సర్దుకోవాలి?

వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన క్లిప్ అప్పటికే కుదించుకుపోయి ఉంటుంది. ఎంత ఎడిట్ చేసినా పోయిన స్పష్టత తిరిగి రాదు. అందుకే ఫంక్షన్ అయిన వారంలోపే బావగారికీ, పిన్ని కొడుక్కీ ఫోన్ చేసి వాళ్ల ఫోన్లలో ఉన్న అసలు ఫైళ్లు అడిగి తెచ్చుకోండి. ఎదురుగా ఉంటే ఆండ్రాయిడ్‌లో క్విక్ షేర్, ఐఫోన్ల మధ్య ఎయిర్‌డ్రాప్ చాలు. దూరంగా ఉంటే గూగుల్ డ్రైవ్‌లో ఒక ఫోల్డర్ తెరిచి లింక్ ఇచ్చి అందులో వేయమనండి. నెల దాటితే ఫోన్ నిండిపోయిందని ఎవరో ఒకరు డిలీట్ చేసేస్తారు.

తెచ్చుకున్నాక తారీఖు, సందర్భం కలిపి ఫోల్డర్‌కు పేరు పెట్టండి. 2024-02-పాప-అన్నప్రాశన, ఇలా. ఏడాది ముందు, తర్వాత నెల రాస్తే ఫోల్డర్లు వాటంతట అవే వరుసలో నిలబడతాయి.

మూడు గంటల పెళ్లి వీడియోను ఎంతకు కుదించాలి? ఏది ఉంచాలి, ఏది తీసేయాలి?

పది, పన్నెండు నిమిషాలు. అంతకు మించితే పెళ్లికూతురి అమ్మానాన్నలు తప్ప చివరిదాకా ఎవరూ చూడరు.

మొదటిసారి ఏదీ కత్తిరించకుండా మొత్తం చూడండి. పక్కన కాగితం పెట్టుకుని నచ్చినచోటల్లా టైమ్ రాసుకోండి. ఈ పని ఫోన్ నోట్స్‌లో కన్నా కాగితం మీదే బాగా సాగుతుంది. జీలకర్ర బెల్లం, మాంగళ్యధారణ, తలంబ్రాలు, అప్పగింతలు ఎలాగూ ఉంటాయి. నేను వాటి మధ్యలో దొరికేవి వెతుకుతాను. అడ్డుతెర పట్టుకున్న ఇద్దరిలో ఒకరి చెయ్యి నొప్పెట్టి తెర కాస్త కిందికి జారడం, పెళ్లికూతురు ఆ సందులోంచి అటు చూసి తలదించుకోవడం, మేనమామ బుట్ట దగ్గర నిలబడి చెమట తుడుచుకోవడం. ఇరవయ్యేళ్లయ్యాక ఇంటిల్లిపాదీ ఆపి ఆపి చూసేవి అవే.

కత్తిరించేటప్పుడు కొత్తవాళ్లు ముఖ్యమైన క్షణం అవగానే కట్ చేసేస్తారు. తెర తీసేశారు, కట్. అలా చేయకండి. తెర తీశాక మూడు, నాలుగు సెకన్లు ఉంచండి. వాళ్లిద్దరూ ఒకరినొకరు చూసుకున్నాక ముఖంలో వచ్చే మార్పు ఆ తర్వాతి సెకన్లలోనే ఉంటుంది.

ఇంకో చిన్న కిటుకు. గట్టిమేళం శబ్దాన్ని దాని దృశ్యం కన్నా రెండు సెకన్ల ముందే మొదలుపెట్టండి. తెర మీద పురోహితుడు ఇంకా మంత్రం చదువుతూనే ఉంటాడు, డోలు అప్పటికే ఊపందుకుంటుంది, ఆ తర్వాత తాళి కనిపిస్తుంది. చాలా యాప్‌లలో క్లిప్‌ను ఎంచుకుంటే ఆడియోను వేరుచేసే ఆప్షన్ ఉంటుంది, దాంతో ఇది చేయొచ్చు. ఈ ఒక్కటి నేర్చుకున్నాక నా వీడియోలు అతుకులు అతుకులుగా కనిపించడం మానేశాయి.

మరి చుట్టాల సంగతి? పన్నెండు నిమిషాల్లో అందరూ పట్టరు, మా ఊసే లేదని ఎవరో ఒకరు బాధపడతారు. అది న్యాయమైన బాధే. నేను రెండు వీడియోలు చేస్తాను. ఒకటి అందరికీ పంపే చిన్నది. రెండోది అక్షింతలు వేసినవాళ్లు, భోజనాల బంతి, ఫోటోలకు నిలబడినవాళ్లు అందరూ వచ్చే పెద్దది. అందులో ఎవరినీ తీసేయను, వరుస మాత్రం సరిచేస్తాను.

వెనక సినిమా పాట పెడితే బాగుంటుంది కదా?

ఈ ప్రశ్నకు నా జవాబు పెద్దది.

మా ఇంటి గృహప్రవేశం 1996లో జరిగింది. రెండు గంటల క్యాసెట్. అప్పట్లో మిక్సింగ్ అనేవారు కదా, దాన్ని మిక్సింగ్ చేసిన స్టూడియోవాళ్లు మొదటి నుంచి చివరిదాకా పాటలతో నింపేశారు. అప్పుడందరూ అలాగే చేయించుకునేవాళ్లు, మావాళ్లకీ అదే బాగుందనిపించింది. మా నాయనమ్మ పోయి పదకొండేళ్లయింది. ఆ క్యాసెట్‌లో ఆవిడ దాదాపు అరగంట కనిపిస్తుంది, మాట్లాడుతూనే ఉంటుంది. పెదాలు కదులుతుంటాయి, వినిపించేది పాటే. ఒక పాట అయిపోయి ఇంకోటి మొదలయ్యే మధ్యలో మాత్రం నలభై సెకన్లు అసలు సౌండ్ మిగిలింది. పాలు పొంగించే చోటు అది. గిన్నె కింద మంట చప్పుడు, ఎవరివో గాజులు, ఆ తర్వాత నాయనమ్మ గొంతు: "తగ్గించకండి, పొంగనివ్వండి. తూర్పుకు పొంగుతోందా చూడవే." వెంటనే పాలు పొయ్యి మీద పడి చుయ్‌మన్న శబ్దం. అక్కడితో మళ్లీ పాట. ఆవిడ గొంతు మాకు ఇంకెక్కడా లేదు.

అందుకే చెబుతున్నాను, ఇంటి వీడియోలో మాటల మీద పాట వేయకండి. ముఖాలు ఫోటోల్లో ఉంటాయి, గొంతులు వీడియోల్లో తప్ప ఎక్కడా ఉండవు. పాట పెట్టాలనిపిస్తే మాటలు లేనిచోట పెట్టండి: మామిడాకులు కట్టడం, కార్లు రావడం, మండపం అలంకరణ. మాట మొదలవగానే పాట వాల్యూమ్ పదిహేను, ఇరవై శాతానికి దించండి. పాట వేయని వెర్షన్ ఒకటి తప్పనిసరిగా దాచుకోండి.

మాటలు సరిగా వినపడటం లేదు. ఫ్యాన్ చప్పుడు, జనరేటర్ హోరు. ఏం చేయాలి?

కొంతవరకు తగ్గించొచ్చు. కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. ఎవరూ మాట్లాడకుండా వట్టి హోరు మాత్రమే ఉన్న రెండు సెకన్లు దానికి చూపించి, మొత్తం ఆడియోలోంచి ఆ హోరును తగ్గించమని చెప్పాలి. మోతాదు మించితే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టు అవుతుంది. కాస్త హోరు ఉన్నా పరవాలేదు, మనిషి గొంతు మనిషి గొంతులా ఉండాలి. డోలు పక్కనే నిలబడి తీయడం వల్ల శబ్దం పగిలిపోతే మాత్రం దాన్ని బాగుచేయడం చాలా కష్టం. మేళగాళ్లకు కొంచెం దూరంగా నిలబడి తీయడమే మందు.

కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా తీశారు. కలిపితే అసహ్యంగా ఉంది.

ఎక్కడ చూస్తారో ముందు తేల్చుకోండి. టీవీలో చూసేదైతే అడ్డంగా చేయండి, నిలువు క్లిప్పులకు రెండు పక్కలా నల్లగా వదిలేయండి. పక్కల్లో అదే బొమ్మను మసకగా నింపడం చాలామంది చేస్తారు, నాకది కళ్లకు ఇబ్బందిగా ఉంటుంది. నిలువు క్లిప్‌ను అడ్డానికి సరిపోయేలా పెద్దది చేస్తే మాత్రం తలలు తెగిపోతాయి. పాత క్యాసెట్ వీడియోలను కూడా సాగదీయకండి. వాటి వెడల్పు, ఎత్తుల కొలత 4:3, ఇప్పటి టీవీలది 16:9. సాగదీస్తే మనుషులంతా పొట్టిగా, లావుగా కనిపిస్తారు.

తెలుగులో పేర్లు వేస్తే ఒత్తులు విడిపోతున్నాయి. ఎందుకు?

కొన్ని ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లకు మన గుణింతాలు, ఒత్తులు కలిపి చూపించడం చేతకాదు. "అన్నప్రాశన"లో క్రావడి ఎక్కడో పోయి పడుతుంది. ఫాంట్ మార్చి చూడండి, మండలి, రామభద్ర, సురన్న లాంటి యూనికోడ్ (ఫోన్లలో, నెట్‌లో వాడే పద్ధతి) ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. అయినా కుదరకపోతే ఫోన్లో ఏదైనా ఫోటో ఎడిటింగ్ యాప్‌లో అక్షరాలు రాసి, వెనక రంగు లేకుండా పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసి, దాన్ని వీడియో మీద పెట్టండి. ఇది ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా పనిచేస్తుంది. ప్రెస్సువాళ్ల దగ్గర్నుంచి శుభలేఖ మ్యాటర్ తెచ్చుకుంటే అది ప్రెస్సుల్లో వాడే వేరే పద్ధతి "అను" ఫాంట్లలో ఉండొచ్చు. ఆ అక్షరాలు యూనికోడ్‌లో అతికిస్తే పిచ్చి గీతలుగా వస్తాయి, మళ్లీ టైప్ చేసుకోవడమే నయం.

పేర్లు వేసేటప్పుడు వరుస కూడా వేయండి. "పెద్దమామయ్య, తెనాలి" అని ఉంటే రేపు మనవలకు ఎవరో తెలుస్తుంది.

అటక మీద పాత వీహెచ్‌ఎస్ క్యాసెట్లున్నాయి. ఇంట్లోనే మార్చుకోగలమా?

పనిచేసే వీసీఆర్ (వీడియో క్యాసెట్లు వేసే మెషిన్) దొరికితే మార్చుకోగలం. ఆలస్యం మాత్రం చేయకండి. చివరిదాకా వీసీఆర్లు తయారుచేస్తూ వచ్చిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. ఇప్పుడున్నవన్నీ పాత మెషిన్లే, బాగుచేసేవాళ్లూ తగ్గిపోతున్నారు.

ముందు క్యాసెట్ మూత పైకెత్తి వెలుతుర్లో టేప్ చూడండి. తెల్లటి బూజు కనిపిస్తే వీసీఆర్‌లో పెట్టొద్దు. ఆ బూజు మెషిన్‌కి అంటుకుని తర్వాత పెట్టే ప్రతి క్యాసెట్‌కీ పాకుతుంది. అలాంటివి శుభ్రం చేయడం తెలిసినవాళ్లకే ఇవ్వండి. బాగున్న క్యాసెట్‌ను ఒకసారి చివరిదాకా ఫార్వర్డ్ చేసి, మళ్లీ రివైండ్ చేసి, అప్పుడు ప్లే చేయండి. ఏళ్లతరబడి ఒకేచోట చుట్టుకుని ఉన్న టేప్ కాస్త వదులవుతుంది.

కావాల్సింది వీడియో క్యాప్చర్ చేసే చిన్న యూఎస్‌బీ పరికరం, మూడు రంగుల వైర్లు. పసుపుది బొమ్మ, తెలుపు, ఎరుపు సౌండ్. కంప్యూటర్‌లో ఓబీఎస్ స్టూడియో వేసుకుంటే రికార్డ్ అవుతుంది, అది ఉచితమే. సెట్టింగ్స్‌లో పాల్ (PAL) అని, సెకనుకు 25 ఫ్రేములని పెట్టండి, మన దేశంలో తీసిన క్యాసెట్లు ఆ పద్ధతివి. అమెరికా నుంచి అన్నయ్య పంపిన క్యాసెట్ అయితే అది అక్కడి పద్ధతి, ఎన్‌టీఎస్‌సీ (NTSC). మన పాత వీసీఆర్లు కొన్నిటిలో అది నలుపు తెలుపుగా రావడమో, అసలు నిలవకపోవడమో జరుగుతుంది. క్యాసెట్ పాడైపోయిందని పారేయకండి, రెండు పద్ధతులూ చదివే మెషిన్‌లో వేసి చూడండి.

మూడు గంటల క్యాసెట్‌కు మూడు గంటలూ పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. మధ్యమధ్య వెళ్లి సౌండ్ వస్తోందో లేదో చూడండి. కదిలే చేతుల చుట్టూ దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపిస్తే అది టేప్ లోపం కాదు. పాత వీడియోలో ఒక్కో ఫ్రేమ్‌ను రెండు సగాలుగా, ఒక వరుస వదిలి ఒక వరుసగా తీసేవారు. హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ ఆన్ చేసి మారిస్తే పోతాయి.

పెళ్లి డీవీడీ ఉంది. దాన్ని ఫోన్లోకి ఎలా ఎక్కించాలి?

డీవీడీలో వీడియో_టీఎస్ (VIDEO_TS) అనే ఫోల్డర్ ఉంటుంది. దాన్ని మొత్తంగా కంప్యూటర్‌లోకి కాపీ చేసి హ్యాండ్‌బ్రేక్‌తో ఎంపీ4గా మార్చండి. మధ్యలో ఆగిపోతుంటే మెత్తటి బట్టతో మధ్య నుంచి అంచుకు తిన్నగా తుడవండి, గుండ్రంగా తిప్పుతూ తుడవొద్దు. ఒక డ్రైవ్‌లో చదవని డిస్క్ ఇంకో డ్రైవ్‌లో చదవడం చాలాసార్లు చూశాను.

ఎక్స్‌పోర్ట్‌లో ఏ సెట్టింగ్ పెట్టాలి?

ఫైలు రకం ఎంపీ4, కుదించే పద్ధతి హెచ్.264, స్పష్టత 1080పీ. బిట్‌రేట్ (సెకనుకు ఎంత డేటా అన్నది) అడిగితే 8 నుంచి 10 ఎంబీపీఎస్. పది పెడితే నిమిషానికి సుమారు 75 ఎంబీ, పన్నెండు నిమిషాలకు 900 ఎంబీ. హెచ్.265లో సైజు తగ్గుతుంది కానీ పాత టీవీలు చదవవు. 4కే కావాలని పట్టుబట్టకండి, ముఖాలు స్పష్టంగా కనపడటానికి 1080పీ చాలు.

వాట్సాప్‌లో పంపితే మసకబారిపోతోంది.

గ్యాలరీలోంచి పంపితే వాట్సాప్ దాన్ని కుదిస్తుంది. హెచ్‌డీ గుర్తు నొక్కితే కాస్త మెరుగు. అసలు ఎలా ఉందో అలాగే వెళ్లాలంటే అటాచ్‌లో డాక్యుమెంట్ ఎంచుకుని ఫైలుగా పంపండి, 2 జీబీ దాకా వెళ్తుంది. అయితే పెద్దవాళ్ల ఫోన్లు తొందరగా నిండిపోతాయి. మా పెద్దత్తకు నేను కుదించినదే పంపుతాను, అసలుది మా బావ కంప్యూటర్‌లో వేస్తాను.

యూట్యూబ్‌లో పెడితే ఊరందరూ చూసేస్తారేమో?

అన్‌లిస్టెడ్ అని పెడితే వెతికినా దొరకదు, లింక్ ఉన్నవాళ్లకే కనిపిస్తుంది. కానీ ఆ లింక్‌ను ఎవరైనా ఇంకో గ్రూప్‌లో వేస్తే అక్కడివాళ్లూ చూడగలరు. ప్రైవేట్ పెడితే మీరు ఈమెయిల్ ఇచ్చినవాళ్లకే. డల్లాస్‌లో ఉన్న అక్కకూ, హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికీ అన్‌లిస్టెడ్ సుఖం, లాగిన్ గొడవ లేదు. కొత్త అకౌంట్‌లో 15 నిమిషాలకు మించిన వీడియో ఎక్కాలంటే ముందు ఫోన్ నంబర్ వెరిఫై చేయాలి. అప్‌లోడ్ చేసేటప్పుడు పబ్లిక్ మీద ఉందేమో ఒకటికి రెండుసార్లు చూసుకోండి.

సినిమా పాట ఉంటే, అన్‌లిస్టెడ్ అయినా సరే, యూట్యూబ్ దాన్ని గుర్తుపడుతుంది. యాడ్స్ రావచ్చు, కొన్ని దేశాల్లో వీడియో ఆగిపోవచ్చు. సంగీతం కావాలంటే యూట్యూబ్ స్టూడియోలో ఉన్న ఆడియో లైబ్రరీ ఉచితం. లేదా మీ పెళ్లి సన్నాయే ఉంది కదా.

పిల్లల వీడియోలు అందరికీ పంపొచ్చా?

అమ్మమ్మ కాళ్ల మీద పడుకోబెట్టి నూనె రాసి నీళ్లు పోసే వీడియో ప్రతి ఇంట్లోనూ ఉంటుంది. చూడముచ్చటగా ఉంటుంది, నేనూ దాచుకున్నాను. దాన్ని ఫేస్‌బుక్‌లోనూ స్టేటస్‌లోనూ పెట్టకండి. నెట్‌లోకి వెళ్లిన వీడియోను వెనక్కి తెచ్చుకోలేం. స్కూలు యూనిఫాం మీద పేరు, ఇంటి నంబర్, స్కూలు బస్సు నంబర్ కనిపించే చోట్లు కత్తిరించేయండి. గూగుల్ ఫోటోస్ ఆల్బమ్ పంచేటప్పుడు లొకేషన్ పంచే ఆప్షన్ ఆపేయండి.

ఓణీల ఫంక్షన్ వీడియో సంగతి ఇంకా జాగ్రత్త. ఆ అమ్మాయిని అడగండి. పన్నెండేళ్ల పిల్లకు ఏం తెలుసని అనకండి, ఆ వీడియో ఎవరు చూస్తారన్నది ఆ పిల్లకే ఎక్కువ టెన్షన్. వద్దంటే ఇంట్లోవాళ్లకే ఉంచండి.

పోయినవాళ్లు కనిపించే వీడియో అమ్మకు ఉన్నట్టుండి పంపొచ్చా?

గ్రూప్‌లో వేయకండి. ముందు చెప్పి, చూస్తావా అని అడిగి, కుదిరితే పక్కన కూర్చుని చూపించండి. విషాద సంగీతం వద్దు, నెమ్మదిగా కదిలే ఎఫెక్టులూ వద్దు. ఆ మనిషి ఎలా నడిచారో, ఎలా మాట్లాడారో అలాగే ఉంచండి.

పెన్‌డ్రైవ్ టీవీకి పెడితే వీడియో కనిపించడం లేదు.

హెచ్.264 ఎంపీ4 అవునో కాదో చూడండి. ఫైలు పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో పెట్టి చూడండి. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 (FAT32) అనే ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు, రెండు భాగాలు చేయండి.

ఇవన్నీ ఎక్కడ దాచాలి?

పెన్‌డ్రైవ్‌లో మాత్రం కాదు. అది మోసుకెళ్లడానికి, దాచుకోవడానికి కాదు. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో జీమెయిల్, డ్రైవ్, ఫోటోలు అన్నీ కలిసి ఉంటాయి, 2021 జూన్ నుంచి ఎక్కించిన ఫోటోలూ వీడియోలూ అందులోకే లెక్క. ఒక్క పెళ్లితో నిండిపోతుంది.

నేను రెండు హార్డ్‌డిస్కులు వాడతాను. ఒకటి మా ఇంట్లో, ఒకటి మా అక్క ఇంట్లో. ఎడిట్ చేసినవే కాదు, అసలు క్లిప్పులూ రెండింట్లో ఉంటాయి. ముఖ్యమైనవి క్లౌడ్‌లో ఇంకో కాపీ. ఏటా సంక్రాంతికి అందరం కలిసినప్పుడు అక్క తన డిస్క్ తెస్తుంది, రెండూ పక్కపక్కన పెట్టి ఆ ఏడాదివి కలుపుతాం, పాతవాటిలో ఓ పది ఫైళ్లు తెరిచి చూస్తాం. గృహప్రవేశం నలభై సెకన్లు మాత్రం ఏటా తెరుస్తాం.